మాడిన తోటకూర గింజలు

"ఏదో మాడుతోంది!"

ముందుగదిలోంచి మామయ్యగారి కేక. ఆ సమయానికి నేను వంటింట్లో కళ్లు మూసుకుని, అరచెయ్యి చాపి నిలబడి ఉన్నాను. మా ఆయన నా చేతిలో చిటికెడు గింజలు పోసి, "ఊఁ, చెప్పు. కొర్రలా, సామలా?" అని చెవి దగ్గర అడుగుతున్నాడు. మా ఆయన అనడం నాకింకా కొత్త. అవసరం ఉన్నచోటా లేనిచోటా ఆ మాట వాడేస్తున్నాను. సామలు వేళ్ల మధ్య నుంచి జారిపోతాయి, కొర్రలు కాస్త తాపీగా కదులుతాయి. ఆ తేడా పట్టుకుందామని చూస్తుంటే నాకు చక్కిలిగింతలు పుట్టి పగలబడి నవ్వుతున్నాను. ఈ గొడవలో పొయ్యి మీది పెనం సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

పెనం మీద తోటకూర గింజలున్నాయి. ఇసుక రేణువంతేసి గింజలు. బాగా కాలిన పెనం మీద ఒక్క చెంచాడు వేసి మూత పెడితే, రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు చప్పుడు చేస్తూ చిట్లి, తెల్లటి పూసలవుతాయి. ఒక్క క్షణం ఆగి తీసెయ్యాలి. రెండో క్షణం ఆగితే గోధుమ రంగు, మూడోది ఆగితే బొగ్గు. మేము ఎన్ని క్షణాలు ఆగామో లెక్కపెట్టలేదు.

కేక వినగానే నా నవ్వు టక్కున ఆగింది. "అయ్యో!" అంటూ పెనం దించాను. మా ఆయన పరుగున వెళ్లి కిటికీ తెరిచాడు. ఇక చీవాట్లు తప్పవని నాలుక కరుచుకుని అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య పెరటి గుమ్మంలో, మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. కొత్త దంపతులకి అడ్డెందుకని, ఈమధ్య ఆవిడ ఎక్కడ కూర్చున్నా మాకు వీపు పెట్టే కూర్చుంటున్నారు, పాపం. ఇప్పుడు మాత్రం పూర్తిగా ఇటు తిరిగారు. చేతిలో కత్తి, సగం తరిగిన కేరట్టు అలాగే ఉన్నాయి.

"ఏమన్నార్రా మీ నాన్న?" అన్నారు గుసగుసగా.

"మాడుతోందన్నారు."

"అదే. ఆయనకెలా తెలిసింది?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు.

మామయ్యగారికి వాసన తెలియదు. మా పెళ్లికి ముందు వచ్చిన పెద్ద జ్వరం, వెళ్తూ వెళ్తూ ఆ ఒక్కటీ పట్టుకుపోయింది. ఇంకెవరికైనా అది ఒక లోటు, అంతే. మామయ్యగారికి మాత్రం బతుకులో సగం పోయినట్టు. అంతకుముందు ఆయన్ని వీధిలో అందరూ ముక్కు మాస్టారు అనేవారట. ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఇంటి వెనక షెడ్డులో ఇనప డ్రమ్ము ముందు నిలబడి, గడియారం వైపు చూడకుండా, ఉత్త ముక్కుతో గింజలు వేయించేవారు. జొన్నలు, కొర్రలు, సామలు, బార్లీ. కొట్లో ఏ మూలనో దుమ్ము పట్టి పడి ఉండే ఇలాంటి గింజలన్నీ పాలిష్ పట్టకుండా తెప్పించి, నానబెట్టి, నీడన ఆరబెట్టి, దేనికదే వేయించి, బరకగా విరిచి, పేలిన తోటకూర గింజలూ తేనే కలిపి, ట్రేలలో పరిచి సన్నసెగన కరకరలాడేదాకా ఉంచితే, అదీ మా సరుకు. పొద్దున్నే గిన్నెలో వేసుకుని పాలు పోసుకోవడమే. పాకెట్టు మీద 'పొద్దుటి గింజలు' అని ఉంటుంది. ఇంకాస్త గొప్ప పేరు పెడదామని మా ఆయన ఎన్నోసార్లు అడిగాడట. "తినేది గింజలు. తినేది పొద్దున. ఇంకేం కావాల్రా?" అని మామయ్యగారు కొట్టిపారేశారట.

నేను కాలేజీలో చదివింది వృక్షశాస్త్రం. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, తోటకూర గింజ అసలు ధాన్యమే కాదు, అది గడ్డిజాతి మొక్క కానే కాదు అని మామయ్యగారికి చెప్పాను. ఆయన పేపరు దించి, "ఆ మాట దాని ముందు అనకమ్మా, నొచ్చుకుంటుంది" అన్నారు. ఆ రోజే ఆయన నాకు బాగా నచ్చేశారు. కానీ నాకు తెలిసిన మామయ్యగారు ముందుగదిలో పేపరు చదువుకునే ఆయన. డ్రమ్ము ముందు నిలబడే ఆయన్ని నేను చూడనే లేదు. నేను వచ్చేసరికే ఆయన షెడ్డులోకి అడుగు పెట్టడం మానేశారు. వీధిలోవాళ్లు కూడా ఆ పేరుతో పిలవడం మానేశారు. ఎవరికి మాత్రం నోరొస్తుంది?

జ్వరం తర్వాత డ్రమ్ము మా ఆయన చేతికి వచ్చింది. ఆయన ఒక టైమరు కొన్నాడు. ఏ గింజకి ఎంతసేపు, ఎంత మంట, అన్నీ పద్ధతిగా చేస్తాడు. వంక పెట్టడానికి ఏమీ ఉండదు. అయినా మొన్న రొట్టెల దుకాణం ఆవిడ, మా సరుకు ఎప్పటినుంచో తీసుకునే మనిషి, మొహమాటపడుతూనే చెప్పేసింది. "బాగానే ఉన్నాయి బాబూ. కాకపోతే ఇదివరకు గిన్నె ఖాళీ అవగానే చెయ్యి దానంతటదే పాకెట్టు మీదకి పోయేది. ఇప్పుడు పోవట్లేదు."

ఆ మాట ఎలాగో మామయ్యగారి చెవిన పడింది. ఆ సాయంత్రమే పప్పుల దుకాణం ఆయనకి కబురు చేశారు. డ్రమ్ము వచ్చి తీసుకుపొమ్మని, పల్లీలు వేయించుకోవడానికి పనికొస్తుందని. ఇకమీదట వేయించిన గింజలే బయట కొని, కలిపి, పాకెట్లు కట్టుకుందామన్నారు. మా ఆయనకి తన వేపుడు మీద తనకే నమ్మకం లేదు, ఏమని కాదంటాడు? రేపు మధ్యాహ్నం బండి వస్తుంది.

అలాంటిది, ఇవాళ పొద్దున్న మామయ్యగారు ఏదో మాడుతోందన్నారు!

ముగ్గురం ఒకేసారి ముందుగదిలోకి పరిగెత్తాం. గుమ్మంలో ఇరుక్కుంటే అత్తయ్యని ముందు పోనిచ్చాం. మామయ్యగారు పేపరు వెనక ఉన్నారు.

"ఏవండీ, వాసన తెలిసిందా?" అన్నారు అత్తయ్య.

"ఏం వాసన?"

"మాడుతోందన్నారుగా!"

పేపరు కొంచెం కిందికి దిగింది. కళ్లజోడు పైనుంచి ఆయన మా ముగ్గుర్నీ చూశారు. అత్తయ్య మొహం మీద ఆ చూపు కాస్త ఎక్కువసేపు ఆగింది.

"ఓ, అదా! వంటింట్లో ఇద్దరూ కిలకిలా నవ్వుకుంటున్నారు. పొయ్యి మీద పెనం ఉందని తెలుసు. నవ్వులు ఆగిపోయాయి. ఇంకేమై ఉంటుంది? దానికి ముక్కు అక్కర్లేదు, బుర్ర చాలు."

అత్తయ్య భుజాలు జారిపోయాయి. "అంతేనా" అన్నారు.

నేను ఊరుకుంటానా? వంటింట్లోకి వెళ్లి కాఫీపొడి డబ్బా, నారింజ తొక్క, కొత్త సబ్బు, సగం కోసిన ఉల్లిపాయ పళ్లెంలో పెట్టుకొచ్చాను. ఆయన ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, బుద్ధిగా పీల్చారు. మా ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ గదిలో గాలి మొత్తం మామయ్యగారికే వదిలేసినట్టుంది.

"ఏమీ లేదమ్మా. కాఫీ అంటే వేడినీళ్లు, సబ్బంటే జిడ్డు" అని పళ్లెం వెనక్కి ఇచ్చేశారు. "ఇక నా ముక్కుని ఊరేగించడం ఆపి మీ పని చూసుకోండి. రొట్టెల దుకాణానికి సరుకు అందాలా వద్దా?"

పేపరు మళ్లీ పైకి లేచింది.

షెడ్డు నాకు ఇల్లంతటిలోకీ ఇష్టమైన చోటు. పైన ఒకే ఒక్క అద్దాల కిటికీ. అందులోంచి ఎండ ఏటవాలుగా దిగుతుంది, ఆ ఎండలో గింజల పొట్టు బంగారు రంగులో తేలుతూ ఎటూ తేల్చుకోలేక తిరుగుతూ ఉంటుంది. గోడ పొడుగునా బస్తాలు. కొర్రల బస్తాలో మోచేతి దాకా చెయ్యి ముంచితే చల్లటి నీళ్లలో పెట్టినట్టుంటుంది. మధ్యలో డ్రమ్ము, అడ్డంగా పడుకున్న పెద్ద జంతువులా నల్లగా నున్నగా. కింద గ్యాసు మంట, పక్కన తిప్పే పిడి, ముందు ఒక చిన్న తలుపు. వేగాక మూతి వంచితే గింజలన్నీ వెడల్పాటి జల్లెడ ట్రేలోకి కురుస్తాయి. పిడికి చుట్టిన గుడ్డ మామయ్యగారి అరచేతి ఆకారంలో నొక్కుకుపోయి ఉంటుంది. మా ఆయన చెయ్యి ఆ గుంటలో సరిగ్గా ఇమడదు.

ఆయన మంట వెలిగిస్తుంటే నేను బస్తా మీద కూర్చుని ఆలోచిస్తున్నాను. ఏదో ఒకటి పొసగడం లేదు. పొద్దుటి సంగతి మళ్లీ మొదట్నుంచీ గుర్తు చేసుకున్నాను. చిటికెడు గింజలు, చెవి దగ్గర ప్రశ్న, చక్కిలిగింత, నవ్వు, కేక.

నవ్వు. కేక.

"ఏయ్!" అని లేచి నిలబడ్డాను. "నవ్వులు ఆగాయి కాబట్టి మాడిందనుకున్నానన్నారు కదా మీ నాన్న?"

"ఊఁ."

"కానీ కేక వినిపించినప్పుడు నేనింకా నవ్వుతూనే ఉన్నాను. కేక విన్నాకే ఆగాను!"

మా ఆయన చెయ్యి పిడి మీదే ఆగిపోయింది.

"నిజమేనా?"

"నా నవ్వు నాకు తెలీదా?"

ఆయన వెంటనే గంతులేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. వచ్చి నా పక్కన బస్తా మీద కూర్చున్నాడు. "నీకో సంగతి చెప్పాలి. జ్వరం తగ్గిన కొత్తలో ఒకసారి నాన్న వాసన తెలుస్తోందన్నారు. అమ్మ ఏడ్చేసింది, వీధంతా చెప్పేసింది. తీరా చూస్తే అదేం లేదు, ఊహ. ఇంకోసారీ అంతే. ఆ రెండోసారి అమ్మ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పట్నుంచీ నాన్న..." అని ఆగాడు. "అందుకే అబద్ధం చెప్పి ఉంటారు. అమ్మ మొహం చూసి."

"మరి అడుగుదామా?"

"అడిగితే ఒప్పుకోరు. రేపు డ్రమ్ము ఇచ్చేస్తారు, ఆ తర్వాత ముక్కు వచ్చినా మనకి చెప్పరు." డ్రమ్ము వైపు చూశాడు. "నేను దీని పక్కనే పెరిగాను తెలుసా? చలికాలంలో ఇక్కడే కూర్చుని హోంవర్కు చేసుకునేవాణ్ణి. నాన్న ఎప్పుడు 'తియ్యి' అంటారో విని నేర్చుకుందామనుకున్నాను. విన్నాను గానీ, వాసన పట్టుకోవడం నేర్చుకోలేదు."

ఆయన మాట సన్నగిల్లిపోయింది. నేను అలాంటప్పుడు ఉపన్యాసాలు ఇవ్వను. లేచి వెళ్లి షెడ్డు తలుపు బార్లా తీశాను. తర్వాత పెరటి తలుపు, వంటింటి తలుపు, నడవా తలుపు. ముందుగదిలోకి వెళ్లి, "గాలి రావట్లేదు మామయ్యా" అని వీధి కిటికీలు కూడా తీసేశాను. మా ఇంట్లో పొద్దుటి గాలి వెనక నుంచి ముందుకి వీస్తుంది. తలుపులన్నీ ఒకే వరసలో ఉన్నాయి. షెడ్డులో నిలబడి చూస్తే, దుర్భిణిలోంచి చూసినట్టు, ఆ చివర మామయ్యగారి పేపరు చిన్నగా కనిపిస్తోంది.

అత్తయ్యకి మాత్రం ఏమీ చెప్పలేదు. "వేగిన గింజలు ఆరబెట్టడానికి రండి" అని పిలిచాం, అంతే.

ముందు జొన్నలు. డ్రమ్ము తిరుగుతోంది, గింజలు లోపల పొర్లుతున్నాయి, దూరంగా సముద్రం ఉన్నట్టు చప్పుడు. పచ్చివాసన పోయింది, పొడివాసన వచ్చింది, ఇంకేదో రాబోతోంది. ముందుగదిలో పేపరు కదల్లేదు. టైమరు మోగింది. మా ఆయన జొన్నలు దించేశాడు.

తర్వాత కొర్రలు. డ్రమ్ము వేడెక్కీ వేడెక్కగానే, ఆ చివర్నుంచి, "ఆపండి!" అని కేక.

మా ఆయన ఉలిక్కిపడి మూతి వంచేశాడు. ఆత్రంగా నోట్లో వేసుకున్నాను. ఉత్త పచ్చి. పంటి కింద పిండి పిండిగా తగిలింది.

"ఎందుకాపమన్నారు? సగం కూడా వేగలేదే" అన్నారు అత్తయ్య. మా మొహాలు చూసి ఆవిడకి అంతా అర్థమైపోయింది. ట్రే కింద పెట్టేశారు. "మళ్లీ మొదలెట్టారా? నేను తట్టుకోలేనర్రా. నాకొద్దు" అని లోపలికి వెళ్లబోయారు.

"అత్తయ్యా, బార్లీ ఒక్కటీ ఉండండి" అని చెయ్యి పట్టుకున్నాను. "తర్వాత మీరు ఎటు కావాలంటే అటు వీపు పెట్టి కూర్చోవచ్చు."

ఆవిడకి నవ్వు ఆగలేదు. "ఓసి నీ అసాధ్యం కూలా" అంటూనే గోడకి ఆనుకున్నారు.

బార్లీ పోశాం. పిడి తిరుగుతోంది. ఎండ కొంచెం జరిగి డ్రమ్ము మీదకి వచ్చింది. సన్నటి పొగలాంటిది ఒకటి ఆ ఎండలోంచి లేచి, తలుపు దాటి, పెరట్లో ఆరేసిన బట్టల మధ్యగా, వంటింట్లోకి, నడవాలోకి, దారి తెలిసిన మనిషిలా నడిచి వెళ్లిపోతున్నట్టు నాకనిపించింది. కంటికి నిజంగా ఏమీ కనిపించలేదు. అయినా నేను దాన్ని చూశాను.

ఆ చివర పేపరు దిగింది. ఆయన లేచి నిలబడ్డారు. ఒక్కో తలుపూ దాటుతూ, ఒక్కో తలుపు దగ్గరా ఆగుతూ, వస్తున్నారు. షెడ్డు గుమ్మం దగ్గరకి వచ్చి అక్కడ గొళ్లెం పట్టుకుని నిలబడ్డారు. మమ్మల్ని ఎవర్నీ చూడటం లేదు. కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి. మా ఆయన పిడి తిప్పుతూనే ఉన్నాడు. టైమరు మీద ముల్లు ఇంకా చాలా దూరంలో ఉంది.

"ఉండు" అన్నారు మామయ్యగారు మెల్లగా. "ఉండు... ఉండు..."

అప్పుడు నాకూ తగిలింది. రోజంతా ఎండలో ఆరిన దుప్పటిలో తల దూర్చినట్టు, ఒక తియ్యటి వెచ్చదనం.

"తియ్యి!"

మా ఆయన ఒక్కసారి టైమరు వైపు చూశాడు. ఒక్కసారి నాన్న వైపు చూశాడు. డ్రమ్ము మూతి వంచేశాడు. బార్లీ గింజలు జలజలా ట్రేలోకి కురిశాయి.

ఎవరమూ తినలేదు. భయం. చివరికి అత్తయ్యే వంగి, నాలుగు గింజలు ఊదుకుని నోట్లో వేసుకున్నారు. నమిలారు. ఎటో చూస్తూ నమిలారు. అంతలో ఆవిడ చెయ్యి, ఆవిడకి తెలియకుండానే, మళ్లీ ట్రేలోకి వెళ్లింది.

అది నేను చూశాను. మా ఆయన చూశాడు. మామయ్యగారూ చూశారు.

"ఏంటి, అందరూ నన్నే చూస్తారేం?" అన్నారు అత్తయ్య. తర్వాత తన చేతిలోకి చూసుకున్నారు. చేతినిండా గింజలు. అలాగే బస్తా మీద కూలబడి, ఒక పక్క కళ్లు తుడుచుకుంటూ ఇంకో పక్క నములుతూ ఉండిపోయారు.

"అదిగో, అందుకే నేను చెప్పనిది" అన్నారు మామయ్యగారు, కోపం తెచ్చుకుందామని చూస్తూ. "గంతులెయ్యకండి. జొన్నలు నాకు తెలియనే లేదు. కొర్రలకి తొందరపడ్డాను, ఏదో తగిలిందనుకున్నాను, తగల్లేదు. కాఫీ ఇంకా వేడినీళ్లే."

"మరి బార్లీ?" అన్నాడు మా ఆయన.

మామయ్యగారు ట్రే మీదకి వంగి గాలి పీల్చారు.

"పక్క వీధిలో ఎవరో నన్ను పిలిచినట్టుందిరా. మొదట నన్ను కాదేమో అనుకున్నాను. మళ్లీ పిలిచారు. గొంతు తెలిసిన గొంతే. అందుకే లేచి వచ్చాను."

"పొద్దున్న తోటకూర గింజలు కూడా పిలిచాయి కదా మామయ్యా?" అన్నాను.

"అవి పిలవలేదమ్మా, అరిచాయి. అలా మాడ్చావు మరి" అన్నారు. ఆయన నవ్వుతుంటే పై పెదవి మీద ముక్కు కొంచెం కిందికి దిగుతుంది. ఆ ముక్కు ఇంత పెద్దదని నేను అంతవరకూ గమనించలేదు.

అత్తయ్య ముక్కు చీదుకుని, అసలు ప్రశ్న అడిగారు. "మరి రేపు బండి వస్తుందిగా?"

మామయ్యగారు డ్రమ్ము దగ్గరకి నడిచారు. మా ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఆయన పిడి మీద చెయ్యి వేశారు. గుడ్డలోని గుంటలో ఆ అరచెయ్యి, సొంత చెప్పులో కాలు దూరినట్టు, చప్పుడు లేకుండా దూరిపోయింది.

"పప్పులాయన మంచివాడు, పెద్ద గిన్నెలో ఇవే పోసి, పాలు పోసి పెట్టండి. తిన్నాక డ్రమ్ము ఇవ్వట్లేదని చెబుదాం. కడుపు నిండితే కోపం రాదు" అన్నారు. "రేపు పొద్దున్నే బార్లీ నేను చూస్తాను. జొన్నలూ కొర్రలూ వీడు టైమరుతోనే చూస్తాడు, కానీ మోగేముందు ఏం వాసన వచ్చిందో నాకు మాటల్లో చెప్పాలి. ఒరేయ్, వింటున్నావా? నీ ముక్కు నాకు అప్పివ్వు, నా మాటలు నువ్వు తీసుకో. ఎవరి ముక్కు ముందు పని చేస్తే వాళ్లు తియ్యి అనాలి."

"అలాగే నాన్నా" అన్నాడు మా ఆయన.

"నేనేం చెయ్యాలి మామయ్యా?" అన్నాను.

"నీకే అసలు పని. మేం డ్రమ్ము వెలిగించే ముందు, నువ్వు వంటింట్లో తోటకూర గింజలు ఒక చెంచాడు మాడ్చాలి. నేను ముందుగదిలో కూర్చుంటాను. తలుపులన్నీ తీసి ఉంచు. ఎప్పుడు మాడుస్తావో నాకు చెప్పకు." అని మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. "కావాలని మాడిస్తే సరిగ్గా మాడవు. ఇవాళ ఎలా మాడాయో రేపూ అలాగే మాడాలి. వీణ్ణి కూడా వంటింట్లోకి రానియ్యి."

అత్తయ్య ట్రే ఎత్తుకుని, అప్పుడే మాకు వీపు పెట్టేసి, ఇంట్లోకి నడిచారు.